తోటగదికి లిథియం బ్యాటరీ: ఛార్జింగ్, పర్యవేక్షణ, సెల్ బ్యాలెన్సింగ్

ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ ఫీడర్లకు పగటిపూట 9 గంటలు త్రీఫేజు కరెంటు ఇస్తారు. బోరు మోటారుకు అది చాలు గాని, కాపలాకు రాత్రి తోటలోనే పడుకునేవారికి, పశువుల మందులు ఫ్రిజ్‌లో ఉంచుకోవలసినవారికి అది అక్కరకు రాదు. ఇంటి కనెక్షను కోసం పొలం గట్ల వెంట స్తంభాలు వేయించుకోవడం కన్నా మూడు సోలార్ ప్యానెళ్లు, ఒక లిథియం బ్యాటరీ పెట్టుకోవడమే మేలని తేలే తోటలు చాలానే ఉన్నాయి. అలా గ్రిడ్డుతో సంబంధం లేకుండా నడిచే చిన్న వ్యవస్థలో బ్యాటరీని ఎలా ఛార్జ్ చేయాలో, దేన్ని గమనించాలో, సెల్లులు ఎగుడుదిగుడు అయినప్పుడు ఎలా సరిచేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ట్యూబులర్ (సీసం) బ్యాటరీతో ఏళ్ల తరబడి కాపురం చేసినవారు లిథియానికి మారినప్పుడు ఒక అలవాటును వెంట తెచ్చుకుంటారు. అది మీటరులో వోల్టేజీ చూసి బ్యాటరీలో ఎంత మిగిలిందో చెప్పేయడం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు దగ్గర ఆ విద్య పనిచేయదు. దాని వోల్టేజీ నడుమంతా దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. సుమారు 80 శాతం నుంచి 30 శాతానికి దిగేలోపు, లోడు గాని ఛార్జింగు గాని లేని సెల్లు 3.32 నుంచి 3.22 వోల్టులకు, అంటే 0.1 వోల్టు మాత్రమే తగ్గుతుంది. లోడు వేసినా, తీసినా కూడా కొంత ఊగుతుంది. ఆ సెల్లు నడుమ భాగంలో మూగది. నిండబోయేటప్పుడు, అడుగంటబోయేటప్పుడు మాత్రమే నోరు విప్పుతుంది. ఛార్జింగ్ సెట్టింగులైనా, బ్యాలెన్సింగ్ అయినా, శాతం లెక్క అయినా ఈ ఒక్క స్వభావం మీదే ఆధారపడి ఉన్నాయి.

ఏ రసాయనం, ఏ అంకెలు

ఇక్కడి అంకెలన్నీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కు, అంటే వాడుకలో ఎల్‌ఎఫ్‌పీ అని పిలిచేదానికి మాత్రమే వర్తిస్తాయి. చాలా విద్యుత్ స్కూటర్లలో ఉండే నికెల్ కలిసిన సెల్లు 4.2 వోల్టుల దాకా ఛార్జ్ అవుతుంది; ఎల్‌ఎఫ్‌పీ సెల్లుకు గరిష్ఠ హద్దు 3.65 వోల్టులు, కనిష్ఠ హద్దు 2.5 వోల్టులు, పేరుకు చెప్పే వోల్టేజీ 3.2. నికెల్ సెల్లు అంకెలను ఎల్‌ఎఫ్‌పీకి పెడితే సెల్లు ఉబ్బుతుంది, నిప్పు కూడా అంటుకోవచ్చు.

ఉదాహరణకు 280 ఆంపియర్-అవర్ సెల్లులు ఎనిమిదింటిని వరుసగా కలిపిన ప్యాకును తీసుకుందాం. 3.2ను 8తో గుణిస్తే 25.6 వోల్టులు, దాన్ని 280తో గుణిస్తే 7,168 వాట్-అవర్లు, అంటే ఏడు యూనిట్ల పైచిలుకు. దానికి 540 వాట్ల ప్యానెళ్లు మూడు, 60 ఆంపియర్ల ఎంపీపీటీ ఛార్జ్ కంట్రోలరు (ప్యానెళ్ల నుంచి వీలైనంత ఎక్కువ శక్తి రాబట్టి బ్యాటరీని నింపే పెట్టె). 27 వోల్టుల దగ్గర 60 ఆంపియర్లంటే సరిగ్గా 1,620 వాట్లు కనుక మూడు ప్యానెళ్లకు కంట్రోలరు సరిపోతుంది. మన ఎండకు కిలోవాటు ప్యానెలు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుందనుకుంటే, మంచి రోజున ఆరు యూనిట్లకు పైగా వస్తాయి. మీది 4 సెల్లుల ప్యాకైతే కింద చెప్పే ప్యాకు వోల్టేజీలను సగం చేసుకోండి, 16 సెల్లులదైతే రెట్టింపు చేసుకోండి. సెల్లు వోల్టేజీలు మాత్రం అందరికీ ఒక్కటే.

ఏ తీగనైనా ముట్టుకునే ముందు ఒక లెక్క మనసులో పెట్టుకోవాలి. ఇంత పెద్ద సెల్లు అంతర్గత నిరోధం ఒక మిల్లీఓమ్‌లో నాలుగైదో వంతు మించదు. ఎనిమిది సెల్లులు, వాటిని కలిపే లోహపు పట్టీలు (బస్‌బార్లు) కలిపి రెండు మిల్లీఓమ్‌లనుకున్నా, చేజారిన పానా ఒకటి రెండు కొసల మీద పడితే పారే కరెంటు పది వేల ఆంపియర్లు దాటుతుంది. పానా పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి, ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టండి, బ్యాటరీ ప్లస్ దగ్గరే డీసీకి పనికివచ్చే ఫ్యూజు బిగించండి. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ ఈ పనికి రాదు, ఎందుకంటే డీసీలో లేచిన మెరుపును అది ఆర్పలేదు.

ప్యాకు కట్టే ముందు టాప్ బ్యాలెన్సింగ్

కొత్త సెల్లులు పెట్టెలోంచి తీసి కొలిస్తే అన్నీ 3.29 వోల్టులే చూపవచ్చు. అంతమాత్రాన అన్నీ సమానంగా నిండి ఉన్నాయని కాదు; ఒకటి 40 శాతం, ఇంకొకటి 50 శాతం ఉన్నా నడుమ భాగంలో ఆ తేడా మీటరుకు అందదు. వాటిని అలాగే వరుసగా కట్టి ఛార్జ్ చేస్తే, ముందున్న సెల్లు ముందే 3.65కు చేరగానే, ప్రతి సెల్లునూ కాపాడే బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) ఛార్జింగును ఆపేస్తుంది, వెనకున్నది పది శాతం వెలితితోనే మిగిలిపోతుంది. దిగేటప్పుడు ఆ వెనకున్నదే ముందు అడుగంటుతుంది. అంటే కొన్న సామర్థ్యంలో పదో వంతు మొదటి రోజు నుంచే మీది కాదు.

దీనికి మందు, కట్టేముందే అన్ని సెల్లులనూ ఒకే నిండు స్థితికి తేవడం. ఎనిమిదింటినీ సమాంతరంగా కలిపి 10 ఆంపియర్ల బెంచ్ సప్లై (వోల్టేజీని మీటతో సరిచేసుకోగల డీసీ సప్లై) పెడితే చాలుగదా అనిపిస్తుంది గాని, అలా కలిపితే అది 2,240 ఆంపియర్-అవర్ల ఒకే సెల్లు అవుతుంది. సగం నింపాలన్నా 1,120 ఆంపియర్-అవర్లు కావాలి, అంటే 112 గంటలు, దాదాపు ఐదు రోజులు. అందుకని ముందు సెల్లులను వరుసగా కట్టి, బీఎంఎస్ పెట్టి, మామూలు ఛార్జరుతోనే ఒక సెల్లు 3.60 దాటి బీఎంఎస్ ఆపేసేదాకా నింపుకోవాలి. ఆ తరువాతే విప్పి, ఏ రెండు సెల్లుల మధ్యా తేడా 0.1 వోల్టుకు మించలేదని చూసుకుని, ప్లస్‌లన్నీ ఒక వైపు, మైనస్‌లన్నీ ఒక వైపు సమాంతరంగా కలిపి ఒక రాత్రి వదిలేయాలి. తెల్లారాక బెంచ్ సప్లై పని చాలా తక్కువే మిగులుతుంది.

బెంచ్ సప్లైని సెల్లులకు తగిలించకముందే, మల్టీమీటరు దాని టెర్మినళ్ల దగ్గర పెట్టి, సరిగ్గా 3.60 నుంచి 3.65 మధ్య స్థిరపరచాలి. తగిలించిన తరువాత ఆ మీట జోలికి పోకూడదు. ఇది నొక్కి చెప్పడానికి కారణం ఉంది. సప్లైతో వచ్చే సన్నటి తీగల్లో వోల్టేజీ పడిపోయి, పది ఆంపియర్లు ఇవ్వవలసిన చోట నాలుగే కనబడతాయి. ఇలాగైతే ఎన్నాళ్లకు నిండుతుందని విసుగెత్తి మీటను 5 వోల్టులకు తిప్పి నిద్రపోయినవారి సెల్లులు పొద్దునకు గుమ్మడికాయల్లా ఉబ్బి ఉంటాయి. తొందరైతే లావు తీగలు వేసుకోండి, వోల్టేజీ మాత్రం పెంచకండి. కరెంటు ఒక ఆంపియరు దరిదాపులకు పడిపోయినప్పుడు సెల్లులు నిండినట్టు. అలా నిండిన సెల్లులను రోజుల తరబడి ఊరికే ఉంచకుండా వెంటనే ప్యాకు కట్టి వాడకంలోకి దించాలి.

సీలు వేసిన రెడీమేడ్ ప్యాకు కొన్నవారు దాన్ని విప్పనవసరం లేదు. మొదటి నాలుగైదు రోజులు పెద్ద లోడు పెట్టకుండా 28 వోల్టుల దగ్గర ఎక్కువ సేపు నిలిపితే లోపలి బీఎంఎస్ నెమ్మదిగా ఆ పనే చేస్తుంది.

బీఎంఎస్ తీగలు

ఎనిమిది సెల్లులకు తొమ్మిది సన్నటి కొలత తీగలు ఉంటాయి. ముందుగా లావు మైనస్ తీగను మొదటి సెల్లు మైనస్‌కు బిగించి, ఆ తరువాత కొలత తీగలను ఒక్కొక్కటిగా వాటి చోట్లకు కలపాలి. ప్లగ్గు మాత్రం ఇంకా బీఎంఎస్‌లో దూర్చకూడదు. మల్టీమీటరు నల్ల ముల్లు ప్లగ్గులోని మొదటి పిన్నుకు, ఎర్ర ముల్లు రెండోదానికి పెడితే 3.3 వోల్టులు రావాలి. అలాగే రెండు మూడు, మూడు నాలుగు, చివరిదాకా. ఎక్కడైనా 6.6 గాని, మైనస్ గుర్తు గాని కనబడిందంటే తీగలు తారుమారయ్యాయి. అలాగే దూర్చితే బీఎంఎస్‌లోని కొలత సర్క్యూటు ఆ క్షణమే కాలిపోతుంది. రెండు నిమిషాల ఈ పరీక్షను దాటవేసి కొత్త బీఎంఎస్ కొనుక్కున్నవారు తక్కువేమీ కాదు. విప్పేటప్పుడు వరుస తిరగబడుతుంది: ముందు ప్లగ్గు, చివర లావు తీగ.

ఇన్వర్టరులో పెద్ద కెపాసిటర్లు ఉంటాయి కనుక బ్యాటరీ తగిలించగానే పెద్ద మెరుపు వచ్చి, బీఎంఎస్ అది షార్టు అనుకుని ఆపేస్తుంది. పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ఇంట్లో ఉంటే దాన్ని బ్యాటరీ ప్లస్‌కూ ఇన్వర్టరు ప్లస్ తీగకూ నడుమ రెండు మూడు సెకన్లు ఉంచి, కెపాసిటర్లు నిండాక అసలు తీగ బిగిస్తే మెరుపు ఉండదు.

ఛార్జ్ కంట్రోలరుకు ఏం చెప్పాలి

అందరూ బీఎంఎస్ ఉందిగదా అన్న ధీమాతో ఈ భాగాన్ని తేలిగ్గా తీసుకుంటారు. బీఎంఎస్ రాత్రి కాపలాదారు లాంటిది; దొంగ పడితే పట్టుకోవాలి గాని, రోజూ తలుపులు వేయడం, తీయడం దాని పని కాదు. ఛార్జింగ్ ఆపవలసింది కంట్రోలరు, లోడు ఆపవలసింది ఇన్వర్టరు. ఆ రెండూ విఫలమైన రోజున మాత్రమే బీఎంఎస్ కల్పించుకోవాలి. ఎండ మండుతూ 60 ఆంపియర్లు లోపలికి వస్తుండగా బీఎంఎస్ హఠాత్తుగా బ్యాటరీని విడదీస్తే, ఆ కరెంటుకు పోవడానికి దారి లేక వోల్టేజీ ఒక్కసారి పైకి లేచి ఇన్వర్టరునో, డీసీ లైట్లనో తినేస్తుంది. ఎప్పుడో ఒకసారి జరిగితే గండం గడిచిందనుకోవచ్చు, రోజూ మధ్యాహ్నం జరుగుతుంటే సెట్టింగు తప్పని అర్థం.

కంట్రోలరులో బ్యాటరీ రకాన్ని యూజర్ డిఫైన్డ్‌గా పెట్టుకుని అబ్సార్ప్షన్ లేదా బూస్ట్ వోల్టేజీని, అంటే చివరలో నిలిపి నింపే వోల్టేజీని, 28.0కు ఉంచండి. సెల్లుకు 3.50 అన్నమాట. తయారీదారు 29.2 వోల్టుల దాకా అనుమతిస్తాడు గదా, ఎందుకు వదులుకోవాలని అడగవచ్చు. 3.50 నుంచి 3.65 మధ్య దాగి ఉన్న సామర్థ్యం లెక్కలోకి రానంత తక్కువ. అక్కడ వోల్టేజీ నిటారుగా లేస్తుంది గాని లోపలికి చేరేది అతి స్వల్పం. ఆ కొంచెం కోసం ఎక్కువ వోల్టేజీలో, అందులోనూ మన వేసవి వేడిలో, సెల్లును ఉంచడం గిట్టుబాటు బేరం కాదు.

అబ్సార్ప్షన్ సమయం అరగంట నుంచి గంట చాలు. కరెంటు బ్యాటరీ సామర్థ్యంలో 5 శాతానికి, అంటే మన ఉదాహరణలో 14 ఆంపియర్లకు పడిపోతే నిండినట్టు లెక్క గట్టే టెయిల్ కరెంట్ పద్ధతి కొన్ని కంట్రోలర్లలో ఉంటుంది. పద్ధతి మంచిదే, కాని ఒక మెలిక ఉంది. కంట్రోలరు తాను పంపే మొత్తం కరెంటునే కొలుస్తుంది. అందులో సగం అప్పుడే ఇన్వర్టరు ద్వారా గ్రైండరుకు పోతుంటే, నిండిన బ్యాటరీ ఇంకా తాగుతోందని అది భ్రమపడుతుంది. అందుకే బ్యాటరీ దగ్గర కరెంటును కొలిచే షంటు నుంచి సమాచారం అందని కంట్రోలరుకు సమయం హద్దే నమ్మకమైనది.

ఫ్లోట్, అంటే నిండిన తరువాత నిలిపి ఉంచే వోల్టేజీ, 26.8 వోల్టులు. ఈ బ్యాటరీకి ఫ్లోట్ అవసరం లేదు నిజమే, కాని ఫ్లోట్ పెట్టకపోతే నిండిన తరువాత మధ్యాహ్నమంతా లోడు బ్యాటరీని తింటుంది, పైన ఎండ వృథాగా పోతుంది. 26.8 దగ్గర సెల్లుకు 3.35 మాత్రమే; ఒత్తిడి ఉండదు, లోడును ప్యానెళ్లే మోస్తాయి.

ఇక ఆపేయవలసినవి రెండు. ఈక్వలైజేషన్ పూర్తిగా ఆపాలి. ట్యూబులర్ బ్యాటరీలో ఆమ్లాన్ని కలియబెట్టడానికి పెట్టిన ఆ వోల్టేజీ 30 దాటితే ఒక్కో సెల్లుకు 3.75 పైన పడుతుంది. టెంపరేచర్ కాంపెన్సేషన్‌ను సున్నా చేయాలి. సీసం బ్యాటరీకి చల్లబడితే వోల్టేజీ పెంచాలి, వేడెక్కితే తగ్గించాలి. లిథియానికి ఆ సవరణ తప్పు. ఇన్వర్టరులో కరెంటు ఛార్జరు కూడా ఉంటే దానికీ ఇవే సెట్టింగులు పెట్టాలి. ట్యూబులర్ మోడ్‌లో వదిలేసిన ఇంటి ఇన్వర్టర్లు 28.8 దాకా ఎక్కించి 27.5 దగ్గర రోజంతా నిలబెడతాయి. ఆ వోల్టేజీకి బ్యాటరీ వెంటనే చావదు గాని, ఏళ్ల తరబడి పూర్తిగా నిండిన ఒత్తిడిలోనే ఉండి త్వరగా ముసలిదవుతుంది.

ఇన్వర్టరు లో-బ్యాటరీ కటాఫ్‌ను 24.0కు, తిరిగి మొదలయ్యే వోల్టేజీని 26.0కు పెట్టండి. లోడు తీయగానే లిథియం సెల్లు తనంతట తాను కొంత పైకి లేస్తుంది కనుక ఈ రెండు అంకెలు దగ్గరగా ఉంటే ఇన్వర్టరు రాత్రంతా ఆగుతూ, మొదలవుతూ ఫ్రిజ్ కంప్రెసరును పాడుచేస్తుంది.

బీఎంఎస్ హద్దులు

కంట్రోలరు అంకెలకు బయటి వైపు బీఎంఎస్ అంకెలు ఉండాలి. సెల్లు ఓవర్ వోల్టేజీ 3.65, విడుదల 3.45. అండర్ వోల్టేజీ 2.8, విడుదల 3.0. ఛార్జింగుకు తక్కువ ఉష్ణోగ్రత హద్దు 5 డిగ్రీలు, ఎక్కువ హద్దు 50. సున్నా కంటే తక్కువ చలిలో ఛార్జ్ చేస్తే లిథియం లోపలికి పోకుండా యానోడు మీద లోహపు పొరగా పేరుకుని సెల్లు శాశ్వతంగా చెడుతుంది. ఆ చలి మనకు లంబసింగి లాంటి చోట్ల డిసెంబరు తెల్లవారుజామునే తప్ప రాదు, అప్పటికి ఎండ ఉండదు గనుక ఛార్జింగూ ఉండదు. మనవాళ్లకు ముంచుకొచ్చే ముప్పు పై హద్దు వైపునే.

బ్యాలెన్సింగ్ మొదలయ్యే వోల్టేజీ 3.40, తేడా 10 మిల్లీవోల్టులు. ఈ 3.40ను తగ్గించకూడదు. నడుమ భాగంలో సెల్లుల మధ్య కనిపించే పది ఇరవై మిల్లీవోల్టుల తేడా నిండుదనంలోని తేడా కాదు. ఏదో ఒక సెల్లు కాస్త వెచ్చగా ఉండడం వల్లనో, బిగింపు తేడా వల్లనో, లోడు వల్లనో వస్తుంది. అక్కడ బ్యాలెన్సరు పనిచేస్తే, వెనకబడిన సెల్లు నుంచే తీసి ముందున్నదానికి పోయవచ్చు. ఎప్పుడూ వెలుగుతూ ఉండే చవక రకం యాక్టివ్ బ్యాలెన్సర్లు, బ్యాలెన్స్ చేసిన ప్యాకును సైతం నెల రోజుల్లో చెడగొట్టేది ఇలాగే. అలాంటిది ఉంటే దాని తీగకు ఒక స్విచ్చు పెట్టి, పైన నిండే సమయంలో మాత్రమే వేయండి.

మొదటి పూర్తి ఛార్జ్

ఈ రోజు మరో పని పెట్టుకోకండి. ఉదయం నుంచి ఫోనులో బీఎంఎస్ యాప్ తెరిచి చూస్తే 3.35 దాకా ఎనిమిది సెల్లులూ ఐదు మిల్లీవోల్టుల తేడాతో చెట్టపట్టాలు వేసుకుని నడుస్తాయి. ప్యాకు 27.4 దాటాక అసలు ఆట మొదలవుతుంది. ఒక సెల్లు 3.46, ఇంకొకటి 3.41, మిగిలినవి 3.43 అలా విడిపోతాయి. 28.0 చేరేసరికి తేడా 30 మిల్లీవోల్టుల లోపుంటే ప్యాకు చక్కగా ఉంది. 100 దాటి, ఒక సెల్లు 3.60 వైపు ఉరుకుతుంటే అబ్సార్ప్షన్‌ను తాత్కాలికంగా 27.6కు దించి బ్యాలెన్సరుకు సమయం ఇవ్వండి, రోజుకు 0.1 చొప్పున పెంచుకుంటూ మళ్లీ 28కి రావచ్చు.

ఎంత సమయం పడుతుందన్నది బ్యాలెన్సరు రకాన్ని బట్టి ఉంటుంది. పాసివ్ బ్యాలెన్సరు ఎక్కువున్న సెల్లును చిన్న నిరోధం ద్వారా సుమారు 60 మిల్లీఆంపియర్లతో కాల్చేస్తుంది. 280 ఆంపియర్-అవర్ల సెల్లులో ఒక్క శాతం అంటే 2.8 ఆంపియర్-అవర్లు, దాన్ని 60 మిల్లీఆంపియర్లతో తీయడానికి 47 గంటలు కావాలి. రోజుకు ఒక గంటే 3.40 పైన ఉంటుంది కనుక నెలన్నర. ఒక సెల్లు వెనకబడి మిగిలిన ఏడింటినీ కాల్చవలసి వస్తే ఇంకా ఆలస్యం, ఎందుకంటే చాలా బీఎంఎస్‌లు పక్కపక్క సెల్లులను ఒకేసారి కాల్చలేక సరి, బేసి వంతులు వేసుకుంటాయి. ఒకటి రెండు ఆంపియర్లను సెల్లు నుంచి సెల్లుకు తరలించే యాక్టివ్ బ్యాలెన్సరుకు ఇదే పని కొన్ని గంటల్లో అయిపోతుంది. 100 ఆంపియర్-అవర్ల లోపు ప్యాకులకు పాసివ్ చాలు, 280కి యాక్టివ్ ఉన్న బీఎంఎస్ కొనడమే నా సలహా.

అంత ఓపిక లేకపోతే చేతి వైద్యం ఒకటి ఉంది. 12 వోల్టుల కారు హెడ్‌లైటు బల్బును ముందున్న ఆ ఒక్క సెల్లు మీద పెడితే ఎర్రగా మసకగా వెలుగుతూ రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. ఒక్క శాతం తీయడానికి గంటన్నర లోపే. ఫోనులో అలారం పెట్టకుండా మాత్రం ఈ పని మొదలుపెట్టకండి.

రోజూ చూడవలసినది

వోల్టేజీ చెప్పదు కనుక వచ్చిన కరెంటును, పోయిన కరెంటును కూడి తీసేసి లెక్కగట్టే షంటు మీటరు ఒక్కటే శాతానికి ఆధారం. బ్యాటరీ మైనస్‌కు, మిగిలిన అన్ని మైనస్ తీగలకు మధ్య షంటు ఉండాలి. ఒక్క తీగ దాన్ని తప్పించుకుని నేరుగా బ్యాటరీకి పోయినా లెక్క తప్పుతుంది. మీటరులో సామర్థ్యం 280, ఛార్జ్ ఎఫిషియెన్సీ (పోసినదానిలో తిరిగి వచ్చే వంతు) 99 శాతం, ప్యూకర్ట్ ఘాతం (పెద్ద కరెంటు లాగితే సామర్థ్యం ఎంత తగ్గుతుందో చెప్పే అంకె) 1.05 అని పెట్టుకోవాలి. ఇవి సీసం బ్యాటరీ అంకెలతో వదిలేస్తే లిథియం ప్యాకు సాయంత్రానికే సగమైపోయినట్టు కనబడుతుంది. నిండినట్టు గుర్తించే వోల్టేజీ 27.8, టెయిల్ కరెంట్ 4 శాతం.

బీఎంఎస్ యాప్ కూడా శాతం చూపుతుంది గాని దాన్ని పెద్దగా నమ్మకండి. వందల ఆంపియర్లను కొలవడానికి తయారైన దాని సెన్సరుకు ఒకటి రెండు ఆంపియర్ల చిన్న కరెంటు సరిగా ఆనదు. ఏ లోడూ లేకపోయినా ఇన్వర్టరు తన కోసమే తాగే 30 వాట్లు అలాంటివే. రోజుకు 720 వాట్-అవర్లు, అంటే ప్యాకులో పదో వంతు. యాప్ 90 అంటుంటే నిజానికి 70 ఉండడం ఇలాంటి చోటే. షంటు మీటరు లెక్క సైతం రోజులు గడిచేకొద్దీ కాస్త జరుగుతుంది. పూర్తిగా నిండిన ప్రతిసారీ తనను తాను 100కు సరిచేసుకుంటుంది.

సీసం బ్యాటరీని సగం నింపి వదిలేస్తే సల్ఫేటు పట్టి చెడిపోతుంది. లిథియానికి ఆ బెడద లేదు, ముసురు పట్టిన వారమంతా 40 శాతం దగ్గర తిరిగినా దానికి నష్టం లేదు. అయినా రెండు వారాలకు ఒకసారైనా నిండా నింపాలి, బ్యాలెన్సరు పనిచేసేదీ, మీటరు సరిచూసుకునేదీ ఆ గంటలోనే గనుక.

నేను నోటుపుస్తకంలో నెలకు రెండు వరుసలు రాస్తాను: నిండే చివరి పది నిమిషాల్లో సెల్లుల వోల్టేజీలు, రాత్రి పెద్ద లోడులో సెల్లుల వోల్టేజీలు. యాప్ చూపే గ్రాఫు కంటే ఆరు నెలల ఈ పన్నెండు వరుసలే ఎక్కువ చెబుతాయి.

తేడా కనబడినప్పుడు రోగం పోల్చుకోవడం

కిందటేడు మా ప్యాకులో ఐదో సెల్లు వింతగా ప్రవర్తించింది. 40 ఆంపియర్లు ఛార్జ్ అవుతున్నప్పుడు మిగిలినవి 3.42 ఉంటే అది 3.50, రాత్రి 60 ఆంపియర్ల లోడులో మిగిలినవి 3.22 ఉంటే అది 3.10. సెల్లు పోయిందని కొత్తదానికి ధర కూడా అడిగాను. పడుకునే ముందు లోడంతా తీసి చూస్తే తేడా ఒక్కసారిగా మాయమైంది. కరెంటు పారుతున్నప్పుడే తేడా వచ్చి, ఆగగానే పోయిందంటే అది సెల్లులోని ఛార్జ్ కాదు, దారిలోని నిరోధం. 40 ఆంపియర్లకు 80 మిల్లీవోల్టులు, 60కి 120 మిల్లీవోల్టులు. రెండు లెక్కలూ రెండు మిల్లీఓమ్‌ల దగ్గరే కలిశాయి. అరవై ఆంపియర్ల దగ్గర ఏడు వాట్ల వేడి ఒక్క నట్టు కింద పుడుతోందన్నమాట. చేయి పెడితే చురుక్కుమంది. విప్పి చూస్తే బస్‌బారుకూ టెర్మినలుకూ నడుమ ఒక స్టీలు వాషరు, దాని చుట్టూ నల్లటి మరక. అక్కడ పెట్టింది నేనే. వాషరు ఎప్పుడూ నట్టు కిందే ఉండాలి, అల్యూమినియం టెర్మినలు బస్‌బారును నేరుగా తాకాలి.

కరెంటు ఆగినా, నిండిన స్థితిలో ఒక సెల్లు మిగిలినవాటికంటే పైనే ఉండి, అడుగంటేటప్పుడు కూడా అదే చివరిదాకా నిలబడితే అది బ్యాలెన్సు తప్పింది. పైన చెప్పిన వైద్యం సరిపోతుంది. నిండేటప్పుడు అందరికంటే ముందు, దిగేటప్పుడు కూడా అందరికంటే ముందు అడుగంటితే, నట్లన్నీ సరిగ్గా ఉన్నాయని నిర్ధారించుకున్న తరువాత, ఆ సెల్లు సామర్థ్యమే తగ్గిందని తెలుసుకోవాలి. దానికి ఏ బ్యాలెన్సరూ మందు కాదు. ప్యాకంతా ఆ సెల్లు స్థాయికే పనిచేస్తుంది, ఇష్టమైతే మార్చుకోవాలి. ఒక సెల్లు హఠాత్తుగా సున్నా, పక్కది ఆరు చూపితే కంగారు పడకండి, కొలత తీగ తెగింది. మా దగ్గర దాన్ని తెంపింది ఎలుక. అప్పటినుంచి ఆ తీగలకు ముడతల గొట్టం తొడిగాను.

ఎండాకాలం, ఊరెళ్లడం

రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రేకుల గదిలో పైన అటక మీద అంతకంటే ఎక్కువ. వేడి పది డిగ్రీలు పెరిగితే సెల్లు ముసలితనం దాదాపు రెట్టింపు వేగంతో వస్తుందన్నది అందరూ వాడే అంచనా. బ్యాటరీని నేలకు జానెడు ఎత్తున, గదిలో ఉత్తరపు గోడ వైపు, గాలి ఆడేలా ఉంచండి. ఉష్ణోగ్రత సెన్సరు గాలిలో వేలాడకుండా మధ్య సెల్లుల మీదే అంటించండి. ఆ రెండు నెలలూ అబ్సార్ప్షన్‌ను 27.6కు తగ్గించి, సమయాన్ని అరగంట చేస్తే నష్టపోయేది దాదాపు ఏమీ ఉండదు.

నెల రోజులు ఊరు వెళ్లేటట్టయితే బ్యాటరీని నిండుగా వదిలి పోకండి. నిండుదనం, వేడి రెండూ కలిస్తేనే లిథియం త్వరగా చెడేది. బయలుదేరే ముందు రోజు సాయంత్రం సగానికి దించి, ఇన్వర్టరును స్టాండ్‌బైలో కాక పూర్తిగా ఆపండి. ఛార్జింగ్ ఆపేటప్పుడు ముందు ప్యానెళ్ల వైపు స్విచ్చు, ఆ తరువాతే బ్యాటరీ వైపు; తిరిగి వచ్చాక ముందు బ్యాటరీ, ఆ తరువాత ప్యానెళ్లు. బ్యాటరీ లేకుండా ఎండ తగిలితే చాలా కంట్రోలర్లు అది 12 వోల్టులదో 24 వోల్టులదో పోల్చుకోలేక తికమకపడతాయి, కొన్ని కాలిపోతాయి. వచ్చిన మరుసటి రోజు 28 వోల్టుల దాకా నింపి, ఎనిమిది సెల్లుల అంకెలను నోటుపుస్తకంలోని పాత వరుస పక్కన రాసుకోండి.